పట్టుపురుగుల ఇంట్లో కోడిపిల్లలు

పశువైద్యం చదివి ఉద్యోగంలో చేరబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఆడపిల్లల కోసం. నేను హోసూరు, కృష్ణగిరి, బర్గూరు, ఊత్తంగరై ప్రాంతాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఏ ఊళ్ళో ఎన్నేళ్ళున్నాను, ఏ హోదాలో దిగాను అన్న సంగతులు నా పింఛను కాగితాల్లో ఉన్నాయి. అవి మీకెందుకు? మీకు కాలేజీలో చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాబట్టి నెమ్మదిగా చెబుతానని మాత్రం ఆశించకండి.

మా ఆస్పత్రులకు ఆవును తోలుకొచ్చేది ఎక్కువగా మగవాళ్ళు. కోడిపిల్లను కొంగులో పెట్టుకొచ్చేది ఆడవాళ్ళు. కుర్చీ ఎవరికి వేస్తారో, ఎండలో ఎవరు నిలబడతారో మీరు చేరిన మొదటి వారంలోనే చూస్తారు. "కోడికి కూడా డాక్టరా?" అని నవ్వేవాళ్ళు ఊళ్ళోనే కాదు, మన ఆఫీసుల్లోనూ ఉన్నారు. నేను చేరిన కొత్తలో ఒక పెద్ద డాక్టరు నాతో, "అమ్మా, కోడిపిల్ల చస్తే పెట్ట ఇంకో గుడ్డు పెడుతుంది, నువ్వెందుకు అంత బాధపడతావు?" అన్నాడు. ఆయనకు ఆవుల గురించి తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు, ఆ మాట నిజమే. కానీ ఆ గుడ్లమీద ఇంట్లో ఒక ఆడమనిషి మాట నిలబడుతుందో పడిపోతుందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే అంత తేలిగ్గా అనేవాడు కాదు.

పెట్టెలో ఏం జరుగుతుంది

ఇప్పుడు పల్లెల్లో ఎవరింట్లో చూసినా గుడ్లు పొదిగే పెట్టెలు. నాటుకోడికి గిరాకీ పెరిగింది, పెట్టకోడి పొదిగేదాకా ఆగే ఓపిక లేదు. కొందరు తయారైన మిషను కొంటారు, కొందరు థర్మాకోల్ పెట్టెలో బల్బు, చిన్న ఫ్యాను, థర్మోస్టాట్ పెట్టి తామే చేసుకుంటారు. తప్పేమీ లేదు. శ్రద్ధగా చేసుకున్న పెట్టె కొన్నదానికి ఏమీ తీసిపోదు.

అయితే అమ్మేవాళ్ళూ, ఫోనులో వీడియోలు పెట్టేవాళ్ళూ చెప్పేదంతా గుడ్డు పగిలేదాకానే. గుడ్డు ఎట్లా తిప్పాలి, వేడి ఎంత ఉండాలి అని గంటలకొద్దీ చెబుతారు. చివర్లో పిల్ల బయటికొస్తుంది, పాట పెడతారు, వీడియో అయిపోతుంది. అసలు ప్రాణం పోయేది అక్కడే. ఆ పాట వింటే నాకు ఫోను గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

గుడ్డు పగిలే ముందు చివరి మూడు రోజులు గుడ్లు తిప్పడం ఆపాలి. పెట్టెలో తేమ పెంచాలి. ఆ తరువాత మూత తెరవకూడదు. గుడ్డుకు చిల్లు పడగానే పిల్ల వచ్చేయదు. ఒక్కోసారి పూటంతా, ఒక్కోసారి పగలూ రాత్రీ లోపలే ఉంటుంది. అది సోమరిగా పడుకోలేదు. పొరలోని నెత్తురును, పొట్టలోకి పోవలసిన పచ్చసొనను లోపలికి తీసుకుంటూ ఉంది. అప్పుడు మూత తెరిస్తే తేమ పోతుంది, లోపలి పొర ఎండి కాగితంలా పిల్లకు చుట్టుకుంటుంది. పిల్ల కదల్లేదు. సాయం చేద్దామని గోటితో పెంకు ఒలిస్తే నెత్తురు కారుతుంది.

బయటికొచ్చిన పిల్లలు కూడా ఒళ్ళంతా ఆరి, బొచ్చు విచ్చుకునేదాకా పెట్టెలోనే ఉండాలి. వాటికి వెంటనే నూకలూ నీళ్ళూ అక్కరలేదు, కడుపులో దాచుకున్న సొన ఉంది. అడుగున నున్నటి అట్టా న్యూస్ పేపరూ వేయకండి, కాళ్ళు జారి పక్కలకు చాచుకుపోతాయి. గరుకు గుడ్డ వేయండి. నీళ్ళ పళ్ళెం మీద జల్లెడ మూయండి, లేకపోతే మునిగి చస్తాయి. బయటికి తీశాక బల్బు కింద పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలి అని, మూలలకు పారిపోతుంటే వేడి ఎక్కువని. ఇంతే విద్య. ఇంతకంటే కష్టమైన సంగతి పెట్టె బయట ఉంటుంది.

బుట్టలో వచ్చిన గుడ్లు

శూలగిరి వైపు ఒక పల్లె. పేరు చెప్పను. మునిరత్నమ్మ అనే పెద్దావిడ ఒకరోజు ఆస్పత్రికి బుట్ట తెచ్చి నా బల్లమీద పెట్టింది. ఆమె కుటుంబం తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకుంటూ, మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుకుంటున్న కుటుంబం. బుట్టలో పగలని గుడ్లు, చచ్చిన పిల్లలు కొన్ని.

"ఏమి రోగమో చూడమ్మా," అంది. నేను గుడ్డు చేతిలోకి తీసుకునే లోపే, "రోగం కాదులే. నాకు తెలుసు," అని కూడా తనే అంది.

గుడ్లు పగలగొట్టి చూశాను. ప్రతి గుడ్డులోనూ నిండుగా పెరిగిన పిల్ల. ముక్కు పెంకుకు తగిలించి చిల్లు పెట్టుకుంది కూడా. పొర ఎండి, ముక్కుకూ రెక్కకూ అంటుకుపోయి ఉంది. ఒక పిల్ల పెంకును ఎవరో సగందాకా ఒలిచారు, ఎండిన నెత్తురు మరక ఉంది.

"పగిలేటప్పుడు మూత ఎవరు తెరిచినారమ్మా?" అని అడిగాను.

"మూతదేముందమ్మా. మా కోడలు ఆ పొద్దు తీట్టులో ఉండె. పురుగుల ఇంట్లోనే కదా పెట్టె పెట్టింది. లోపలికి పోయిందో ఏమో. పోలేదంటాది. పోకుంటే ఇన్ని ఎట్ల చస్తాయి?"

తీట్టు అంటే ముట్టు. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. ముట్టైన ఆడది పురుగుల ఇంట్లోకి పోకూడదు, పోతే పురుగులు చస్తాయి అని. ఇంట్లో వేడి నిలిచే గది అదొక్కటే కాబట్టి, పట్టు పంటకూ పంటకూ మధ్య ఖాళీగా ఉన్నప్పుడు పొదిగే పెట్టెను అక్కడ పెట్టుకున్నారు. పంట ఎత్తాక గదికి కొట్టిన క్రిముల మందు వాసన పూర్తిగా పోయాకే పెట్టారని అడిగి తెలుసుకున్నాను. అంతదాకా బాగానే ఉంది. కానీ పెట్టెతోబాటు పట్టింపు కూడా గుడ్లమీదికి వచ్చి కూర్చుంది.

"పెట్టెను అటకమీద వేసేయమన్న్యాడు మా ఇంటాయన. ఆమె చెయ్యి పడితే ఇంట్లో ఏదీ బతకదంట," అని మునిరత్నమ్మ బుట్ట తీసుకుంది. చివరి మాట ఎంత మామూలుగా అంది! పాలు విరిగాయని చెప్పినట్టు. నేను స్టెతస్కోపు బల్లమీద పడేసి, మధ్యాహ్నం మీ ఇంటికి వస్తున్నానని చెప్పాను.

కిటికీ అవతల

కోడలి పేరు భాగ్య. చూడగానే గుర్తుపట్టాను. మేము హోసూరులో పెట్టిన పెరటి కోళ్ళ శిక్షణలో ముందు వరసలో కూర్చున్న పిల్ల. ఆ పెట్టె ఆమె తన చేతులతో చేసింది. మూలలకు టేపు అంటించి, లోపలికి కనబడేలా అద్దం ముక్క బిగించి, పక్కనుంచి గొట్టం పెట్టి మూత తీయకుండా నీళ్ళు పోసే ఏర్పాటు కూడా చేసింది. అంత పొందికైన పెట్టెను నేను దుకాణాల్లో చూడలేదు.

"లోపలికి పోయినావా?" అని అడిగాను. నాకు అడగడమే సిగ్గుగా ఉంది. కానీ అత్తా మామా ఎదురుగా ఆమె నోటినుంచి రావాలి.

"పోలేదమ్మా. ఆ కిటికీ దగ్గర నిలబడినాను. పిల్లల అరుపు ఇనిపిస్తా ఉండె. మూత తెరవద్దు మామా, తెరవద్దు అని అరిచి అరిచి నా గొంతు పోయింది."

మామ తిమ్మరాయప్ప గోడకానుకుని నిలబడి ఉన్నాడు. చెడ్డ మనిషి కాదు. పురుగుకు ఆకు తక్కువైతే తాను అన్నం తినడని ఊళ్ళో చెప్పుకునేంత పెంపకందారు.

"నేను తెరిచినానమ్మా, లేదనను," అన్నాడు. "మొదటి పిల్ల వచ్చె. తడిగా, పాపం, వణకతా ఉండె. తీసి బల్బు కింద పెట్టినాను. ఊళ్ళో వాళ్ళు వచ్చినారు చూసేదానికి, వాళ్ళకు చూపిస్తి. తక్కినవి రాలేక రాలేక ఉంటే రవంత పెంకు ఒలిచినాను. లోపల ఉక్కగా ఉండాదని చెంబుతో చన్నీళ్ళు చల్లినాను. మంచికే కదా చేసింది?"

అన్నీ చేశాడు. చేయకూడనివన్నీ ఒక్కటి కూడా విడవకుండా చేశాడు. ఆ ఇంట్లో ఆ పెట్టె గురించి తెలిసిన ఒకే ఒక మనిషి కిటికీ అవతల నిలబడి అరుస్తోంది. ఆమె లోపలికి పోయినందుకు పిల్లలు చచ్చాయని ఊరంతా అంటోంది. పోనివ్వనందుకు చచ్చాయి. ఇంతకంటే అన్యాయం నేను నా సర్వీసులో ఎక్కువ చూడలేదు. గట్టిగానే మాట్లాడాను.

"మునిరత్నమ్మా, పురుగు జ్వరంలో ఉన్నప్పుడు ఎవరైనా తట్టలో చెయ్యి పెడితే ఏం చేస్తావు?" అని అడిగాను. పట్టుపురుగు చర్మం విడిచే ముందు తిండి మానేసి కదలకుండా ఉండిపోతుంది. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. అప్పుడు దాన్ని ముట్టుకోరు, ఆకు వేయరు, గాలి కూడా గట్టిగా తగలనివ్వరు.

"చెయ్యి విరగ్గొడతాను," అంది.

"చిల్లు పడిన గుడ్డులో పిల్ల కూడా అట్లాగే ఉంటుంది. నీ మొగుడు జ్వరంలో ఉన్న తట్టను ఊరందరికీ ఎత్తి చూపించాడు."

మునిరత్నమ్మ మొగుడి వైపు చూసింది. తిమ్మరాయప్ప నేలవైపు చూశాడు. అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆయన అన్న మాట ఏమిటో తెలుసా? "అదీ నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ ఆమె కూడా ఆ పొద్దు అట్ల కిటికీ దగ్గర నిలబడకుండా ఉండాల్సింది." ఇంకా వేలు ఆమెవైపే!

ఆఖరికి ఇంకొక్క విడత గుడ్లు పెట్టనిస్తామన్నారు. అది కూడా పాడైతే పెట్టె అటకెక్కుతుంది, భాగ్య ఇక కోళ్ళ జోలికి పోకూడదు. పగిలే సమయానికి ఆమె 'శుద్ధంగా' ఉండాలి. ఇదీ తీర్పు.

పై అధికారి సలహా

బయటికొచ్చి స్కూటరు తీస్తుంటే భాగ్య వెనకాల వచ్చింది.

"అమ్మా, తప్పు నాది కూడా. ట్రైనింగులో పెద్ద సారు చెప్పినాడు కదా, ఆ మూడు దినాలు మిషను దగ్గరికి పోవద్దండి, ఎందుకొచ్చిన గొడవ అని. అందుకే నేను గమ్మున బయటికి పోతిని. సారే చెప్పినాక ఇంట్లో ఏమని కొట్లాడేది?"

మా పై అధికారి ఆ మాట అన్నప్పుడు నేను అదే వేదికమీద ఉన్నాను. సభ అయిపోయాక అభ్యంతరం చెప్పాను. "వాళ్ళ నమ్మకాన్ని మనం గౌరవించాలి కదా డాక్టర్," అని ఆయన నవ్వాడు. ఇది ప్రభుత్వం తరఫున, మైకు పట్టుకుని చెప్పిన మాట. ఇంట్లో అత్త చెబితే కోడలు ఎదురు తిరగవచ్చు. మైకులో సారు చెప్పాక ఎక్కడికి పోతుంది?

మర్నాడు ఆయన గదికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు, టీ తెప్పించాడు. విన్నాక ఆయనకొక ఉపాయం తట్టింది. "చాలా సులువు. దినాలు లెక్కేసుకుని గుడ్లు పెట్టమనండి. పగిలే రోజు ఆ రోజుల్లో పడకుండా చూసుకుంటే సరి. దీన్ని మన శిక్షణలో కూడా చేర్చుదాం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సార్, మీ చేతిలో ఉన్నది పశువైద్యం పట్టానా, పంచాంగమా?" అన్నాను. టీ తాగకుండా లేచి వచ్చాను. ఆ మాటకు తరువాత నన్ను ఎక్కడికి పంపారో చెప్పనన్నాను కదా, చెప్పను. ఆయన మీద నాకు పగ లేదు. చేతికి మట్టి అంటనివ్వకుండా అందరితోనూ మంచి అనిపించుకోవాలనుకునే మనిషి. అటువంటివాళ్ళు మీకు చాలామంది తగులుతారు, మర్యాదగా టీ ఇస్తారు. నమ్మకాన్ని గౌరవించడమంటే దాని బరువు మోసేవాళ్ళ నోరు నొక్కడం కాదని వాళ్ళకు మీరు చెప్పవలసి వస్తుంది. చెప్పండి. గౌరవం కావలసింది నమ్మకానికా, మనిషికా అని అడగండి.

రెండో విడత

భాగ్య పెట్టెలో మళ్ళీ గుడ్లు పెట్టింది. నేను మధ్యలో వెళ్ళి చెప్పవలసింది చెప్పి వచ్చాను. పగిలే సమయంలో మాత్రం వెళ్ళలేకపోయాను, బేరికె వైపు గాలికుంటు రోగం వచ్చి పశువులు కాళ్ళీడుస్తున్నాయి. ఆ పని చేస్తూ కూడా మనసంతా ఆ థర్మాకోల్ పెట్టెమీదే ఉంది. ఈసారీ పోతే ఆ పిల్లకు ఆ ఇంట్లో ఇక నోరుండదు.

తీరిక దొరకగానే వెళ్ళాను. వాకిట్లోకి అడుగు పెట్టకముందే కిచకిచలు వినబడ్డాయి. బల్బు కింద గరుకు గోనెపట్టా మీద పిల్లలు, నల్లవి, ఎర్రవి, చారలవి, గంపెడు. ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా, మూలలకు పారిపోకుండా హాయిగా పరుచుకుని పడుకున్నాయి. నేను అక్కడే కూర్చుండిపోయాను. నిజం చెబుతున్నాను, కండ్లలో నీళ్ళు తిరిగాయి.

తిమ్మరాయప్ప సంబరం చూడాలి. "చూడమ్మా, ఎవరినీ మూత ముట్టనీలేదు. ఊళ్ళోవాళ్ళు వస్తే అద్దంలోనే చూడమన్న్యాను. శుద్ధంగా చేసినాం కాబట్టే ఇట్లుండాయి," అని మీసం సవరించుకున్నాడు. ఆకు కోసుకొస్తానని తోటకు పోయాడు.

ఆయన అటు పోగానే భాగ్య నా పక్కన కూర్చుంది. ఒక పిల్లను చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ, మెల్లగా అంది.

"అమ్మా, మీకొక్కరికే చెప్తుండాను. గుడ్లు పగిలిన పొద్దు నేను తీట్టులోనే ఉండినాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్ళీ కిటికీ దగ్గర నిలబెడతారని గమ్మునుండిపోతిని. మూడు దినాలూ నేనే లోపల ఉండినాను."

వెనకాల గ్లాసుల చప్పుడైంది. మునిరత్నమ్మ కాఫీ తెచ్చి నిలబడి ఉంది. అంతా వింది.

భాగ్య చేతిలోని పిల్లను కింద వదిలింది. నేను లేచి నిలబడ్డాను, ఈసారి ఎంత పెద్ద గొడవైనా వెనక్కి తగ్గకూడదని. మునిరత్నమ్మ కాఫీ కింద పెట్టింది. పోయి తలుపు దగ్గరికి వేసింది.

"మీ మామకు చెప్పవద్దు," అంది.

"అత్తా, పిల్లలకు ఏమీ కాలేదు, చూడు..."

"కాదని నాకు తెలీదా?" అని ఆమె మా ఎదురుగా కూలబడింది. "ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఒక్క పంటకైనా నేను మూడు దినాలు బయట కూర్చోలేదు. కూర్చుంటే పెద్ద పురుగులకు ఆకేసేది ఎవరు? మా అత్త ఏస్తుందా, ఈయన ఏస్తాడా ఒంటిగా? తీట్టు అని ఎవరికీ చెప్పకుండా పోయి ఏస్తుంటి. పంటలన్నీ బాగానే వచ్చె. నా తీట్టు ఆగిపోయి ఎన్నో ఏండ్లాయె. ఈ పొద్దే నోరు తెరిచి చెప్తుండాను."

నాకు కోపం ఎటునుంచి వచ్చిందో, ఎవరిమీద వచ్చిందో తెలియలేదు. "మరి నీకు తెలిసి తెలిసి, ఈ పిల్లను ఎందుకమ్మా కిటికీ అవతల నిలబెట్టావు? ఆమె చెయ్యి పడితే ఏదీ బతకదని నా బల్లముందు ఎట్లా చెప్పగలిగావు?" అని అరిచినంత పని చేశాను.

మునిరత్నమ్మ నన్ను చూసి, ఇది కూడా తెలియదా అన్నట్టు చెప్పింది.

"ఆమె తీట్టని నిజం చెప్పేసింది కదమ్మా. నేను ఎప్పుడూ చెప్పలేదు."

పొరలో ఎండిపోయిన పిల్లల్ని బల్లమీద పరిచి కారణం వెతికాను. మూత, తేమ, గోరు, చెంబునీళ్ళు అన్నీ కనిపెట్టాను. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే అబద్ధం కింద వేరువేరుగా బతుకుతున్న సంగతి మాత్రం ఏ పరీక్షలోనూ తేలలేదు. మీరు రేపు పల్లెకు వెళితే పెట్టె మూత సంగతి చెప్పండి, తప్పకుండా చెప్పండి. అంతటితో పని అయిపోయిందని మాత్రం అనుకోకండి.

భాగ్య కింద వదిలిన పిల్లను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "వచ్చే తూరి నేను తీట్టని చెప్పి మరీ లోపలికి పోతాను అత్తా," అంది.

బయట మల్బరీ కట్ట కింద పడేసిన చప్పుడైంది. "తలుపేసుకుని ఏమి మాట్లాడుతుండారు మీరు?" అని తిమ్మరాయప్ప కేకేశాడు.

మునిరత్నమ్మ లేచి తలుపు తీసింది. "ఇదో, కాళ్ళు కడుక్కోని వచ్చి ఈడ కూర్చో," అంది మొగుడితో. "మేమిద్దరం నీకొక మాట చెప్పాల."